అమెరికా పాస్‌పోర్టుతో హైదరాబాద్‌లో ఇల్లు కొనాలంటే ఏం చేయాలి

విదేశాల్లో నివాసం ఉండేవాళ్లు మన దేశంలో ఇల్లు కొనకూడదు. అసలు నియమం ఇదే. మనవాళ్లకు ఈ మాట చెబితే ఓ పట్టాన నమ్మరు. డల్లాస్‌లో ఉంటూ కొన్నవాళ్లు, న్యూజెర్సీలో ఉంటూ కొన్నవాళ్లు హైదరాబాద్‌లో ప్రతి గేటెడ్ కమ్యూనిటీలోనూ ఉన్నారు మరి. వాళ్లు కొనగలిగారంటే నియమం లేక కాదు, దానికున్న రెండు పెద్ద మినహాయింపుల వల్ల. ఒకటి ఎన్నారై, అంటే బయట ఉండే భారత పౌరులు. రెండోది ఓసీఐ, అంటే విదేశీ పౌరసత్వం ఉన్న మన సంతతివారికి భారత ప్రభుత్వం ఇచ్చే కార్డు ఉన్నవాళ్లు. ఈ రెంటిలో ఒకదాని కిందికి మీరు వస్తే ఫ్లాటు, విల్లా, లేఔట్‌లో ఇంటి స్థలం, ఏదైనా ఎన్నయినా కొనుక్కోవచ్చు, రిజర్వ్ బ్యాంకు అనుమతి అక్కర్లేదు. రాకపోతే మాత్రం మీరు పుట్టింది గుడివాడలోనా గోదావరిఖనిలోనా అన్నది ఎవరూ చూడరు.

దీన్నంతా నడిపేది విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం, అంటే ఫెమా. 1999లో చేశారు, 2000 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇళ్లు, స్థలాల నిబంధనలు ఇప్పుడు 2019 అక్టోబరులో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌లో ఉన్నాయి. ఫెమాకు ముందు 1973 నాటి ఫెరా అనే చట్టం ఉండేది, అది ఇంకా కఠినం. ఆ చట్టం ఉన్న రోజుల్లో ఒక విదేశీ మహిళ రిజర్వ్ బ్యాంకు అనుమతి లేకుండా బెంగళూరులోని తన ఆస్తిని గిఫ్టుగా రాసిచ్చింది. ఆ గిఫ్టు చెల్లదని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరి 26న తేల్చింది. దశాబ్దాల కిందటి దస్తావేజు 2021లో పోయింది. కాబట్టి "రిజిస్ట్రేషన్ అయిపోయిందిగా, ఇంకేంటి టెన్షన్" అనే మాటను నమ్మకండి. సబ్ రిజిస్ట్రార్ చూసేది ప్రధానంగా దస్తావేజు, స్టాంపు, సాక్షులు. ఫెమా లెక్క తేల్చడం ఆయన పని కాదు, అది మీ బాధ్యత.

1. ముందు మీరెవరో తేల్చుకోండి

ఇల్లు చూడ్డం, రేటు మాట్లాడ్డం తర్వాత. ముందు మీ పాస్‌పోర్టు బయటికి తీయండి.

మీ చేతిలో ఉన్నది భారత పాస్‌పోర్టు అయి, ఉద్యోగం కోసమో చదువు కోసమో బయట ఉంటే మీరు ఎన్నారై. హెచ్1బీ అయినా, గ్రీన్‌కార్డు అయినా, దుబాయ్ వర్క్ వీసా అయినా తేడా లేదు. గ్రీన్‌కార్డు రాగానే అమెరికన్ అయిపోయామని కొందరు భయపడతారు. అదేం లేదు, పౌరసత్వం మారే దాకా మీరు భారతీయులే.

అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా ఏదో ఒక పౌరసత్వం తీసుకుని, ఓసీఐ కార్డు కూడా ఉంటే రెండో మినహాయింపు మీది. ఇక్కడ "కార్డు కూడా ఉంటే" అన్నది గట్టిగా పట్టుకోండి. మా అమ్మానాన్నలు భారతీయులు, నేను భారత సంతతి అంటే ఒకప్పుడు సరిపోయేది. 2018లో నిబంధనలు తిరగరాసినప్పటి నుంచి ఓసీఐగా నమోదైన వాళ్లకే ఈ హక్కు. అర్హత ఉండి కార్డు తీసుకోని వాళ్లు ఈ విషయంలో మామూలు విదేశీయులతో సమానం.

చాలామంది చూసుకోకుండా పడేది ఇదిగో ఈ గుంటలోనే. అమెరికాలో ప్రమాణం చేసిన రోజుతోనే భారత పౌరసత్వం పోతుంది. ఆ తర్వాత పాత పాస్‌పోర్టు సరెండర్ చేయాలి, ఆ సర్టిఫికెట్‌తో ఓసీఐకి దరఖాస్తు చేయాలి, కార్డు చేతికి రావాలి. ప్రమాణానికీ కార్డుకూ నడుమ ఉన్న ఆ రోజుల్లో మీరు ఎన్నారై కాదు, ఓసీఐ కూడా కాదు. బిల్డర్ సరిగ్గా అప్పుడే "ఫ్లాటు రెడీ సార్, ఈ నెల్లోనే రిజిస్ట్రేషన్ పెట్టుకుందాం, మళ్లీ మూఢం వస్తుంది" అంటాడు. పెట్టుకోకండి. అయితే ప్రమాణానికి ముందే ముగించండి, లేదంటే కార్డు వచ్చేదాకా ఆగండి. పాత భారత పాస్‌పోర్టు గడువు ఇంకా ఉంది కదా అని దాని జిరాక్సు ఇచ్చి రిజిస్ట్రేషన్ కానివ్వడం అన్నిటికంటే చెడ్డ ఆలోచన. లేని పౌరసత్వాన్ని ఉన్నట్టు దస్తావేజులో రాసినట్టవుతుంది.

పిల్లల సంగతి కూడా ఇక్కడే చూడండి. అక్కడ పుట్టిన పాప పేరు కూడా దస్తావేజులో పెడదామని చాలామందికి ఉంటుంది. పాపకు ఓసీఐ ఉంటేనే ఆ పేరు పెట్టాలి. లేకపోతే మీ ఒక్కరి పేరుతో కొని, తర్వాత వీలునామాలో రాసుకోండి.

భార్యాభర్తల్లో ఒకరు మాత్రమే ఎన్నారై లేదా ఓసీఐ అయి, రెండోవారు పూర్తిగా విదేశీయులైతే వాళ్లకొక చిన్న వెసులుబాటు ఉంది. ఇద్దరూ కలిసి ఒకే ఒక్క ఇల్లు కొనుక్కోవచ్చు. కాకపోతే పెళ్లి రిజిస్టరై ఉండాలి, కొనే రోజుకు వెనక్కి లెక్కేస్తే కనీసం రెండేళ్లుగా కొనసాగుతూ ఉండాలి. గుళ్లో పెళ్లి ఫొటోలు చాలవు.

ఇక మన సంతతి కాని విదేశీయుల మాట. హైదరాబాద్‌లోని ఏ కంపెనీలోనో పనిచేస్తూ ఇక్కడే ఉండే జర్మన్ ఇంజినీరు ఫెమా లెక్కలో ఇక్కడి నివాసి అయితే కొనుక్కోవచ్చు. అంటే గడిచిన ఆర్థిక సంవత్సరంలో 182 రోజులకు మించి ఇక్కడ ఉండటమే కాదు, ఉద్యోగానికో వ్యాపారానికో వచ్చి ఉండాలి. టూరిస్టు వీసా మీద ఏడు నెలలు గడిపినంత మాత్రాన కుదరదు. పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, అఫ్గానిస్తాన్, చైనా, ఇరాన్, నేపాల్, భూటాన్, హాంకాంగ్, మకావు, ఉత్తర కొరియా పౌరులైతే ఇక్కడ ఉన్నా సరే రిజర్వ్ బ్యాంకు ముందస్తు అనుమతి ఉండాల్సిందే. ఓసీఐ కార్డు ఉన్నవాళ్లకు ఈ జాబితా వర్తించదు. ఐదేళ్లకు మించని అద్దె ఒప్పందానికైతే ఎవరికీ అనుమతి అక్కర్లేదు.

2. ఏం కొనొచ్చు, ఏం కొనకూడదు

కొనకూడనివి మూడు: వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్. ఎన్నారైకీ అంతే, ఓసీఐకీ అంతే. మిగతావన్నీ కొనొచ్చు.

వినడానికి తేలిగ్గానే ఉంటుంది. హైదరాబాద్ చుట్టుపక్కల అమ్మకాలు చూస్తే అంత తేలిక కాదు. శంకర్‌పల్లి, షాద్‌నగర్, సదాశివపేట, యాదగిరిగుట్ట దారుల్లో ఏ హోర్డింగు చూసినా "ఫామ్ ప్లాట్లు" అని ఉంటుంది. 5 గుంటలు, 10 గుంటలు, చుట్టూ ఫెన్సింగ్, శ్రీగంధం మొక్కలు, మధ్యలో క్లబ్‌హౌస్, వీకెండ్‌కు వచ్చి ఉండటానికి చిన్న కాటేజీ. అమెరికాలో వారాంతం తెలుగు సభల దగ్గర స్టాల్ పెట్టి మరీ అమ్ముతారు. బ్రోషర్‌లో గజాల లెక్క కూడా ఉంటుంది, 5 గుంటలంటే 605 గజాలని. గజాల్లో చెప్పినంత మాత్రాన అది ఇంటి స్థలం అయిపోదు.

మీరు పట్టుకోవాల్సిన ఆనవాళ్లు ఇవి. తెలంగాణలో 2020 అక్టోబరు చివర్లో భూముల రికార్డుల పోర్టల్ ధరణి వచ్చినప్పటి నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ తహసీల్దార్ ఆఫీసులో జరుగుతోంది, ఇళ్లు, ప్లాట్లవి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో. ధరణి పోయి 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చినా ఆ విభజన అలాగే ఉంది. కాబట్టి ఏజెంటును ఒక్క ప్రశ్న అడగండి: "రిజిస్ట్రేషన్ ఏ ఆఫీసులో?" తహసీల్దార్ ఆఫీసు అన్నాడంటే అది పొలం, మీరు కొనకూడదు. "పాస్‌బుక్ కూడా వస్తుంది సార్, రైతు భరోసా కూడా పడుతుంది" అని లాభంలా చెప్పాడంటే ఇంకా స్పష్టం. ఎన్నారైకి పట్టాదారు పాసుపుస్తకం వస్తుందన్న మాట విని సంతోషించకండి, రేపు మీరు తప్పు చేశారనడానికి ఆ పుస్తకమే సాక్ష్యం.

ఆంధ్రాలో అయితే భూమి రికార్డులైన అడంగల్, 1బీ చూడండి. భూమి వర్గీకరణ మెట్ట, మాగాణి, తోట అని ఉందంటే వదిలేయండి. "కన్వర్షన్‌కు పెట్టాం, నెల్లో వచ్చేస్తుంది" అంటే, వచ్చాకే మాట్లాడదామని చెప్పండి. మీ పేరు మీదికి వచ్చే నాటికి అది వ్యవసాయేతర భూమిగా మారి ఉండాలి. కొన్న తర్వాత మార్చుకుంటానంటే కుదరదు. లేఔట్లకు అనుమతి ఇచ్చే ప్రభుత్వ సంస్థలు హెచ్‌ఎండీఏ లేదా డీటీసీపీ ఆమోదించిన లేఔట్‌లో ప్లాటయితే ఈ గొడవ లేదు. లేఔట్ పర్మిట్ నంబరు అడిగి, మీరే ఆన్‌లైన్‌లో సరిచూసుకోండి.

కొందరు ఏజెంట్లు ఇంకో దారి చూపిస్తారు: "మీ నాన్నగారి పేరు మీద తీసుకోండి సార్, డబ్బు మీరు పంపండి." నాన్నకు డబ్బు గిఫ్టుగా ఇస్తే, ఆయన తనకోసం, తన పేరుతో కొనుక్కుంటే అది ఆయన ఇష్టం. కానీ పైకి ఆయన పేరు, లోపల అసలు యజమాని మీరు అనే ఒప్పందమైతే ఫెమాతో పాటు బినామీ చట్టం కూడా వచ్చి పడుతుంది. నా సలహా అడిగితే, పొలం మోజు ఉన్నవాళ్లు ఇక్కడికి తిరిగొచ్చేసినా సరే, చేతిలో ఓసీఐ ఉన్నంత కాలం దాని జోలికి పోకపోవడమే మంచిది.

3. నాన్నగారి పొలం సంగతి

ఇది ఇంటి కొనుగోలు కాదు గానీ, ఇల్లు కొనడానికి వచ్చినవాళ్లు ఎప్పుడూ అడిగే ప్రశ్న ఇదే.

వారసత్వంగా వచ్చే పొలానికి ఏ అడ్డూ లేదు. తండ్రి తదనంతరం వచ్చినా, వీలునామా ద్వారా వచ్చినా ఎన్నారై, ఓసీఐ ఇద్దరూ తీసుకోవచ్చు, తమ పేరు మీద ఉంచుకోవచ్చు. విదేశాలకు వెళ్లకముందు, ఇక్కడ ఉన్నప్పుడు మీరే కొనుక్కున్న పొలం కూడా మీదే, పోయి వచ్చేసరికి ఎవరూ లాక్కోరు.

గిఫ్టుకు మాత్రం అలా కాదు. ఇల్లు, ప్లాటు అయితే బంధువులు గిఫ్టుగా ఇవ్వొచ్చు. పొలం గిఫ్టుగా తీసుకోవడం కొనడంతో సమానం, కూడదు. మనకు పసుపు కుంకుమ కింద కూతురికి ఎకరమో రెండెకరాలో రాసివ్వడం ఆనవాయితీ. కూతురు వీసా మీద అమెరికా వెళ్లిపోయాక రెండేళ్లకు తీరుబడిగా గిఫ్టు డీడు రాయిస్తారు. అప్పటికి ఆమె ఎన్నారై. ఇవ్వదలచుకుంటే ఆమె ఇక్కడుండగానే రాయించండి. ఆ వేళ దాటిపోతే గిఫ్టు డీడు మాట మరిచిపోయి వీలునామా రాయమని నాన్నగారికి చెప్పండి. మాట కాస్త ఇబ్బందిగానే ఉంటుంది, అయినా చెప్పాలి.

వారసత్వంగా వచ్చిన పొలాన్ని తర్వాత అమ్మాలనుకుంటే ఇక్కడ నివాసం ఉండేవాళ్లకే అమ్మాలి. సియాటిల్‌లో ఉన్న బావమరిదికి అమ్మడం కుదరదు.

4. డబ్బు ఏ దారిలో రావాలి

కొనే హక్కు ఉన్నంత మాత్రాన ఏ ఖాతా నుంచి పడితే ఆ ఖాతా నుంచి కట్టకూడదు. మూడు దారులే ఉన్నాయి. విదేశం నుంచి బ్యాంకు ద్వారా నేరుగా పంపిన డబ్బు, విదేశీ సంపాదనను రూపాయల్లో ఉంచే మీ ఎన్‌ఆర్‌ఈ ఖాతా లేదా విదేశీ కరెన్సీలోనే ఉంచే ఎఫ్‌సీఎన్‌ఆర్ ఖాతా, ఇక్కడి ఆదాయం వేసుకునే మీ ఎన్‌ఆర్‌ఓ ఖాతా. డాలర్ నోట్లు, ట్రావెలర్స్ చెక్కులు చెల్లవు.

ఇక్కడ మనవాళ్లలో రెండు అలవాట్లు పాతుకుపోయి ఉన్నాయి.

ఒకటి, కాలేజీ రోజుల్లో తెరిచిన సేవింగ్స్ ఖాతాను అలాగే ఉంచేయడం. బయటికి వెళ్లాక దాన్ని ఎన్‌ఆర్‌ఓగా మార్పించుకోవాలి. పదేళ్లయినా మార్చకుండా అదే ఖాతా నుంచి బిల్డర్‌కు చెక్కు ఇస్తే, ఖాతా దగ్గరే ఒక తప్పు, చెల్లింపు దగ్గర ఇంకో తప్పు. అడ్వాన్సు ఇవ్వకముందే బ్యాంకుకు వెళ్లి మార్పించండి.

రెండోది, డబ్బంతా నాన్న ఖాతాకు పంపి, ఆయన చేత కట్టించడం. సౌకర్యంగానే ఉంటుంది, ఆయన ఊళ్లో ఉంటారు, సంతకం పెట్టి ఇస్తారు. కానీ బిల్డర్ రసీదులో మీ పేరుండి, డబ్బు వచ్చిన ఖాతా నాన్నదైతే ఆ డబ్బు మీ డాలర్లని తర్వాత ఎవరికీ చూపించలేరు. ఇరవై ఏళ్ల తర్వాత ఇల్లు అమ్మి డబ్బు అమెరికా తీసుకెళ్దామంటే బ్యాంకు అడిగేది ఆ రుజువే. ఎన్‌ఆర్‌ఈ స్టేట్‌మెంట్‌లో ఒక లైను, "ఫలానా బిల్డర్‌కు ఆర్‌టీజీఎస్" అని కనబడితే పని సులువు. అదే లైనులో నాన్న పేరుంటే ఆరు నెలల ఉత్తర ప్రత్యుత్తరాలు.

నాన్నగారు తన డబ్బుతో సాయం చేయాలనుకుంటే దానికీ దారుంది. ఆయన మీ ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో రూపాయల్లో గిఫ్టుగా వేయొచ్చు. ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్లకు సమానమైన పరిమితి ఒకటి ఉంది, అందులో ఇదీ కలుస్తుంది. ఆ ఖాతా నుంచి మీరు కట్టండి. ఒక మెట్టు ఎక్కువే, అయినా సక్రమం.

హోమ్ లోన్ తీసుకోవచ్చు, ఇక్కడి బ్యాంకులు, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలు ఎన్నారై, ఓసీఐలకు రూపాయల్లో ఇస్తాయి. ఈఎంఐ మీ ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాల నుంచి కట్టొచ్చు, ఆ ఇంటి అద్దె నుంచీ కట్టొచ్చు, ఇక్కడి దగ్గరి బంధువులు నేరుగా లోన్ ఖాతాలో వేసినా ఒప్పుకుంటారు.

ఇక వైట్ ఎంత, బ్లాక్ ఎంత అనే బేరం. హైదరాబాద్‌లో, విజయవాడలో ఇది మొదటి ప్రశ్నగానే వస్తుంది. ఇక్కడి వాళ్ల సంగతేమో గానీ బయట ఉండేవారికి బ్లాక్ ఇవ్వడం శుద్ధ దండగ. బ్యాంకు దారిలో రాని డబ్బు కనుక ఫెమా ఒప్పుకోదు. స్థిరాస్తి లావాదేవీలో 20,000 రూపాయలు, ఆపైన నగదు తీసుకుంటే ఆదాయపు పన్ను చట్టం కింద అమ్మేవారికి అంతే మొత్తం పెనాల్టీ పడుతుంది. పైగా రేపు మీరు అమ్మినప్పుడు దస్తావేజులో ఉన్నదే మీ కొన్న ధర. తగ్గించి రాయించిన మొత్తానికంతా లాభం కింద పన్ను కట్టాల్సింది మీరే.

5. కాగితాలు

ఇది ఇక్కడి కొనుగోలుదారుకైనా మీకైనా ఒకటే కాబట్టి ఎక్కువ చెప్పను. ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ కనీసం ముప్పై ఏళ్లకు తీయించండి, పాత యజమానుల లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపించండి, కొత్త ప్రాజెక్టయితే రెరా నంబరు, అమ్మకూడని భూముల జాబితా 22ఏలో సర్వే నంబరు ఉందేమో చూడండి. చెరువు పక్కన అయితే ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండితే నీరు చేరే హద్దు, దాని చుట్టూ కట్టకూడని బఫర్ హద్దు తప్పకుండా చూడాలి. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఇది మాటవరసకు చూసే విషయం కాదు. బిల్డర్ పెట్టిన లాయరు అభిప్రాయంతో సరిపెట్టుకోకండి, మీకంటూ ఒకరిని పెట్టుకోండి. మీకు పాన్ కార్డు కావాలి. ఓసీఐ వాళ్లకు ఆధార్ లేకపోయినా పాస్‌పోర్టు, ఓసీఐ కార్డుతో పని జరుగుతుంది, కాకపోతే ఆఫీసుకు వెళ్లేముందు డాక్యుమెంట్ రైటర్ చేత ఒకసారి అడిగించండి.

6. మీరు రాలేకపోతే పవరాఫ్ అటార్నీ

రెండు సంతకాల కోసం విమానం ఎక్కలేరు కాబట్టి ఎక్కువమంది ఇక్కడ ఎవరికో ఒకరికి పవర్ ఇస్తారు. ఇచ్చేటప్పుడు జీపీఏ, అంటే అన్ని పనులకూ చెల్లే జనరల్ పవర్ ఇవ్వకండి. స్పెషల్ పవర్ ఇవ్వండి: ఫలానా టవర్‌లో ఫలానా ఫ్లాటు, కొనడానికి, రిజిస్ట్రేషన్‌కు హాజరు కావడానికి, తాళాలు తీసుకోవడానికి మాత్రమే అని. "అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి" అనే మాటలు డాక్యుమెంట్ రైటర్లు పాత నమూనా నుంచి అలవాటుగా దించేస్తారు. కొనే ఇంటికి అమ్మే అధికారం ఎందుకు? ఆ వాక్యం కొట్టేయించాకే సంతకం పెట్టండి. తీసుకునేది సొంత తమ్ముడైనా సరే.

అమెరికాలో అయితే డ్రాఫ్టును ఇక్కడి లాయరు చేత రాయించుకుని, అక్కడ నోటరీ ముందు సంతకం పెట్టి, మీ రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసులో అపోస్టిల్, అంటే వేరే దేశంలో చెల్లేలా చేసే ధ్రువీకరణ వేయించాలి. ఇది కాకపోతే భారత కాన్సులేట్‌లో అటెస్టేషన్. కెనడాలో 2024 జనవరి నుంచి అపోస్టిల్ వచ్చింది. గల్ఫ్‌లో ఉంటే చాలా చోట్ల ఎంబసీ, కాన్సులేట్ దారే నడుస్తుంది. ఏ పద్ధతి కావాలో ముందు ఆ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనే అడిగించండి. కొన్ని చోట్ల కాన్సులేట్ ముద్ర లేనిదే పుచ్చుకోమని పట్టుబడతారు, వాళ్లతో కొరియర్ల మీద వాదించలేం.

అసలు కాగితం ఇండియా చేరాక మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు డ్యూటీ కట్టి చెల్లుబాటు చేయించుకోవాలి. ఇది తెలియక కవరును బీరువాలో పెట్టేసి, రిజిస్ట్రేషన్ రోజున తీసుకెళ్లి వెనక్కి వచ్చేవాళ్లు చాలామంది. కొరియర్ కవర్ కూడా దాచండి, ఎప్పుడు చేరిందో అదే చెబుతుంది. పవర్‌లో మీ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్న గొడవ మన పేర్లతో ఎప్పుడూ ఉండేదే కదా.

7. రిజిస్ట్రేషన్ రోజు

దస్తావేజులో మీ పౌరసత్వం, విదేశీ చిరునామా, పాస్‌పోర్టు నంబరు, ఓసీఐ అయితే ఆ కార్డు నంబరు స్పష్టంగా రాయించండి. ఊళ్లో ఇంటి నంబరు వేసి "నివాసి" అని రాసేస్తే పని తేలికవుతుందని రైటర్ అంటాడు. ఒప్పుకోకండి. చెల్లింపుల వివరాల్లో ఏ తేదీన, ఏ ఎన్‌ఆర్‌ఈ లేదా ఎన్‌ఆర్‌ఓ ఖాతా నుంచి, ఏ రిఫరెన్స్ నంబరుతో ఎంత వెళ్లిందో వరసగా రాయాలి.

స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి రెండు రాష్ట్రాల్లోనూ ఏడున్నర శాతం అనుకుని డబ్బు సిద్ధం చేసుకోండి. విదేశాల్లో ఉంటున్నారని ఎక్కువ తీసుకోరు.

అమ్మేవారు ఎవరో కూడా చూసుకోవాలి. వాళ్లు ఇక్కడి నివాసి అయితే, ధర 50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం టీడీఎస్ కోసి కట్టాలి. వాళ్లు కూడా ఎన్నారై అయితే ఆ 1 శాతం లెక్క పనికిరాదు. రెండేళ్లకు మించి వాళ్ల చేతిలో ఉన్న ఇల్లయితే లాభం మీద 12.5 శాతం, దానిపై సర్‌ఛార్జి, సెస్ ఉంటాయి. లాభం ఎంతో పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే మొత్తం ధర మీద కోయాల్సి వస్తుంది. కోయకుండా వదిలేస్తే ఆ పన్ను కట్టమని శాఖ మిమ్మల్ని అడుగుతుంది, అమ్మి వెళ్లిపోయినవాళ్లను కాదు. సెకండ్ హ్యాండ్ ఫ్లాటయితే అమ్మేవారు ఎక్కడ ఉంటారన్నది బేరానికి ముందే అడగాల్సిన ప్రశ్న.

8. తర్వాత అమ్మి డబ్బు తీసుకెళ్లాలంటే

అద్దె ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో పడుతుంది, పన్ను కట్టాక బయటికి పంపుకోవచ్చు. అమెరికా పన్ను రిటర్నులోనూ ఆ అద్దె చూపించాలి. మీ విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బీఏఆర్ అనే విదేశీ ఖాతాల నివేదిక కూడా వేయాలి. ఇల్లు దానిలోకి రాదు గానీ, ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలు వస్తాయి.

అమ్మినప్పుడు, విదేశీ మారకంతోనో ఎన్‌ఆర్‌ఈ డబ్బుతోనో కొన్న ఇల్లయితే అలా పెట్టిన మొత్తం మేరకు వెనక్కి తీసుకెళ్లొచ్చు. ఈ సౌకర్యం రెండు ఇళ్లకే. పైన వచ్చిన లాభం, మూడో ఇంటి డబ్బు, వారసత్వ ఆస్తి డబ్బు ఇవన్నీ ఎన్‌ఆర్‌ఓలోకి వెళ్తాయి, అక్కడి నుంచి ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల డాలర్ల వరకు పంపుకోవచ్చు. మామూలు కుటుంబానికి ఆ పరిమితి అడ్డు రాదు. అడ్డొచ్చేది కాగితాలు లేకపోవడం: కొన్నప్పటి బ్యాంకు స్టేట్‌మెంట్లు, పన్ను కట్టిన రుజువు, చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్. బ్యాంకులు పాత స్టేట్‌మెంట్లు ఎల్లకాలం ఉంచవు, కొన్న ఏడాదే ప్రింటు తీసి దస్తావేజుతో పాటు పెట్టండి.

9. ఫామ్ ప్లాటు ఇప్పటికే కొనేసి ఉంటే

దాచిపెట్టి కూర్చోవద్దు. ఫెమా ఉల్లంఘనకు పెనాల్టీ లావాదేవీ మొత్తానికి మూడు రెట్ల దాకా వేయొచ్చు. తనంతట తానుగా వచ్చి ఒప్పుకున్న వాళ్లకు రిజర్వ్ బ్యాంకులో కాంపౌండింగ్ అని ఒక మార్గం ఉంది. నిర్ణీత మొత్తం కడితే కేసు అక్కడితో ముగుస్తుంది.

వరస మాత్రం ముఖ్యం. పొలం మీ పేరు మీద ఉండగా దరఖాస్తు పెడితే ముందుకు సాగదు, తప్పును సరిదిద్దుకుని రమ్మంటారు. కాబట్టి ముందు ఫెమా తెలిసిన లాయరునో చార్టర్డ్ అకౌంటెంటునో పట్టుకోండి. రియల్ ఎస్టేట్ లాయరు ఈ పనికి చాలడు. వాళ్ల సలహాతో భూమిని ఇక్కడ ఉండే భారత పౌరుడికి అమ్మి, డబ్బు ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో వేయించి, ఆ తర్వాత దరఖాస్తు పెట్టండి. కొన్నప్పటి దస్తావేజు, అమ్మిన దస్తావేజు, రెండింటి బ్యాంకు రుజువులు జతచేయాలి. అమ్మకపు డబ్బును ఆ వ్యవహారం తేలేదాకా బయటికి పంపకండి. ఫామ్ ప్లాట్లు తిరిగి అమ్ముడుపోవడం కష్టం, అదే ఏజెంటు ఇప్పుడు ఫోన్ ఎత్తడు. ధర కొంత తగ్గించుకోవాల్సి వచ్చినా ఆలస్యం చేయకండి.